కళాక్షేత్రంలో కళకు తప్ప అన్నిటికీ చోటుంది: పురపాలక సంఘానికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక సంఘం చైర్‌పర్సన్ గారికి, కౌన్సిల్ సభ్యులకు, కమిషనర్ గారికి,
జిల్లా సాంస్కృతిక శాఖ, పోలీసు శాఖ అధికారులకు,

నమస్కారం.

మీ కార్యాలయాల పని ఒత్తిడి మాకు తెలియనిది కాదు. మంచినీటి సరఫరా, మురుగు కాలువలు, వీధి దీపాల ఫైళ్ళ మధ్య నాటకాల వాళ్ళ దరఖాస్తు అడుగున పడిపోవడం సహజమే అనుకుని ఏడాదికి పైగా ఓపిక పట్టాం. వినతిపత్రాలు ఇచ్చాం. ఫిర్యాదుల రోజున వరుసలో నిలబడ్డాం. పురపాలక సంఘం ప్రదర్శనశాల అయిన కళాక్షేత్రం లీజు పత్రం నకలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అడిగాం. ఆ చట్టం ప్రకారం 30 రోజుల్లో రావలసిన జవాబు ఇప్పటికీ రాలేదు. ఇక ఉత్తర ప్రత్యుత్తరాలతో ఇది తేలదని అర్థమైంది. పైగా ఉత్తరాలు మావే, ప్రత్యుత్తరాలు లేవు. అందుకే ప్రదర్శనకు ఆ హాలు మాకు దక్కని ఈ సంగతిని ఆ భవనానికి అసలు సొంతదారులైన పట్టణ ప్రజల ముందే పెడుతున్నాం.

మాది ఔత్సాహిక నాటక సమాజం. సభ్యుల్లో బ్యాంకు ఉద్యోగి ఉన్నారు, దర్జీ ఉన్నారు, ఉపాధ్యాయులు, తాపీ మేస్త్రి, ఆశా కార్యకర్త, మందుల దుకాణం గుమాస్తా ఉన్నారు. పగటి పని ముగించుకుని రాత్రి పూట రిహార్సల్ చేస్తాం. నాటక పరిషత్తుల పోటీలకు వెళ్తాం, ఒక్కోసారి బహుమతి వస్తుంది, తరచుగా రాదు. ఎవరికీ పారితోషికం లేదు.

నిరుడు చలికాలంలో మేము ఒక జానపద గేయ ప్రదర్శన తలపెట్టాం. అచ్చంగా నాటకం కాదు, ఉత్త పాటకచేరీ కూడా కాదు. తోలుబొమ్మలాటలోని హాస్యపాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క సంతకని బయలుదేరి దారి తప్పుతారు. పిలవకపోయినా మరో హాస్యపాత్ర కేతిగాడు వెంటపడతాడు. ముగ్గురూ తెలుగు నేలంతా తిరుగుతారు. ఏ సీమకు చేరితే ఆ సీమ పాట. శ్రీకాకుళం వైపు జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ, విశాఖ తీరాన జాలరులు వల లాగే పాట, గోదావరి మీద పడవ పాట, డెల్టాలో నాట్ల పాట. అక్కడి నుంచి కృష్ణ దాటి వెళ్తే ఒగ్గు కథకుల డోలు వాద్యమైన ఒగ్గుడోలు, బతుకమ్మ పాట. తిరుగు దారిలో చేతి చెక్కలు వాయిస్తూ ఆడిపాడే అనంతపురం చెక్కభజన. నడుమ కేతిగాడి కొంటెమాటలు, బంగారక్క చీవాట్లు. మొత్తం రెండున్నర గంటలు. ప్రవేశం ఉచితం.

పాడేవాళ్ళలో సగం మంది మా సభ్యులు. తక్కినవాళ్ళు పల్లెల నుంచి వచ్చే కళాకారులు. డప్పు బృందం, చెక్కభజన గురువు, ఆయన శిష్యులు, నాట్ల పాటలు పాడే వ్యవసాయ కూలీలు, వరంగల్ వైపు నుంచి ఒగ్గుడోలు బృందం. వీరికి పారితోషికం, దారి ఖర్చు, భోజనం మేము చందాలు వేసుకుని ఏర్పాటు చేస్తాం. మేము సరదాకు వేస్తాం. వాళ్ళు పని మానుకుని వస్తారు.

ఇక హాలు సంగతి. ఈ ప్రదర్శనకు మేము అడిగింది పురపాలక సంఘానికి చెందిన కళాక్షేత్రాన్ని. ఆ భవనం పౌరుల విరాళాలతో కట్టినదని, నాటక, సంగీత, సాహిత్య కార్యక్రమాల కోసమని ప్రవేశద్వారం పక్కనున్న శిలాఫలకం మీద చెక్కి ఉంది. (పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ ఫలకానికి అడ్డంగా ఐస్‌క్రీం బల్ల వేస్తారు కాబట్టి చాలామంది చదివి ఉండరు.) కొన్నేళ్ళ క్రితం ఆ భవనం నిర్వహణను ఒక గుత్తేదారుకు అప్పగించారు. అప్పటి నుంచి అద్దె పట్టికలో మిగిలినవి రెండే గడులు: శుభకార్యాలు, ఇతర వాణిజ్య కార్యక్రమాలు. టిక్కెట్టు లేని జానపద ప్రదర్శన శుభకార్యమో వాణిజ్యమో మాకు తోచలేదు. గుత్తేదారు గుమాస్తాకు తోచింది, రెండో గడిలో రాశాడు. రోజుకు 35,000 రూపాయల అద్దె, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 41,300. శుభ్రం చేసినందుకు, జనరేటరుకు, డిపాజిట్‌కు మళ్ళీ వేరు. కళాకారుల పారితోషికాలు, మైకు, లైట్లు, దుస్తులు, భోజనాలు అన్నీ కలిపినా మా ప్రదర్శన ఖర్చు అంత కాదు.

అద్దె తగ్గించమని కౌన్సిల్‌కు రాశాం. మా కాగితం మీద అందినట్టు ముద్ర పడింది. తేదీ దగ్గర పడింది. చివరికి ఒక పాఠశాల మైదానానికి మారక తప్పలేదు.

ఆ తర్వాత అనుమతులు. మైకుకు ఒకచోట, తాత్కాలిక విద్యుత్తుకు ఒకచోట, అగ్నిమాపక శాఖకు ఒకచోట తిరిగాం. వాటి అవసరాన్ని కాదనం. కానీ ఒక కార్యాలయంలో పాటల హక్కులకు సంబంధించి లైసెన్సు పత్రం కూడా తెమ్మన్నారు. పాటల పట్టిక నింపమని ఇచ్చిన ఫారంలో రచయిత పేరు, హక్కుదారు పేరు అని రెండు గడులున్నాయి. నాట్ల పాటకు రచయిత ఎవరు? మా సభ్యుడొకరు రెండు గడుల్లోనూ "ఊరు" అని రాశారు. దరఖాస్తు అసంపూర్ణంగా ఉందంటూ వెనక్కి వచ్చింది.

ప్రదర్శన రోజున విద్యుత్తు ఆలస్యంగా ఇచ్చారు, అందువల్ల మేమూ ఆలస్యంగా మొదలుపెట్టాం. రాత్రి పది గంటలకు ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి మైకు ఆపమన్నారు. ఆపాం. వారి మీద మాకు ఫిర్యాదు లేదు, ఆరుబయట పది దాటాక మైకు ఆపించడం వారి విధి. అప్పటికి బంగారక్క ఇంకా కృష్ణ దాటలేదు. చెక్కభజన శిష్యులు గజ్జెలు కట్టుకుని కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే విప్పుకున్నారు. ఒగ్గుడోలు బృందం అంత దూరం నుంచి రైల్లో వచ్చి, డోలు మీద ఒక్క దెబ్బ వేయకుండా తిరుగు రైలెక్కింది. వారి చేతిలో పారితోషికం పెట్టేటప్పుడు బృంద నాయకుడు సగం వెనక్కి ఇవ్వబోయారు. మేము తీసుకోలేదు.

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాం. మాకు మినహాయింపులు కొత్తగా సృష్టించమని మేము అడగడం లేదు. ఉన్నవాటిని చదవమని అడుగుతున్నాం.

శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటిలో 5వ నియమం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లను నిషేధిస్తుంది. అదే నియమం ఆడిటోరియంలు, కమ్యూనిటీ హాళ్ళ వంటి మూసిన ప్రదేశాల్లో లోపలివారికి వినిపించేందుకు వాడుకోవడాన్ని మినహాయించింది. అంటే కళాక్షేత్రం దక్కి ఉంటే, తలుపులు మూసుకుని, చప్పుడు వీధిలోకి పోకుండా మా పాట పూర్తయ్యేది. హాలు అందుబాటులో లేకుండా చేసింది ఒక శాఖ. ఆరుబయటకు వచ్చారని ఆపింది మరో శాఖ. రెండూ తమ తమ నిబంధనల ప్రకారమే చేశాయి, మధ్యలో పాట ఆగిపోయింది. మైదానం దీనికి తగిన చోటని మేమూ అనుకోం. విద్యా సంస్థలు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలు అవే నియమాల్లో ఉంది, అది మంచిదే. సాంస్కృతిక, మత సంబంధ ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా మైకు అనుమతించే అధికారం కూడా ప్రభుత్వానికి ఆ నియమమే ఇచ్చింది. ఆ రోజుల లెక్కలో ఒక్క జానపద ప్రదర్శన అయినా మా పట్టణంలో చేరినట్టు మేము ఎరుగం.

కాపీరైట్ చట్టం 1957 నాటిది. సెక్షన్ 52(1)(ఎల్) చూడండి. ఔత్సాహిక సంఘం డబ్బు తీసుకోకుండా ప్రేక్షకులకు ఇచ్చే సాహిత్య, నాటక, సంగీత ప్రదర్శన హక్కుల ఉల్లంఘన కాదని అందులో ఉంది. ఇది వ్యక్తులు రాసిన రచనలకు వర్తించే మాట. తరాల నుంచి నోటి నుంచి నోటికి వస్తున్న పాటల విషయంలో ఆ ప్రశ్నే తలెత్తదు. పేరున్న కవి రాసిన పాటలు కూడా మా జాబితాలో రెండున్నాయి. వాటికి మర్యాద కోసం ఆయా కుటుంబాల వద్ద లిఖితపూర్వకంగా అనుమతి తీసుకున్నాం.

పన్నుల చట్టం కూడా ఇలాంటి వాళ్ళను వ్యాపారులతో కలపలేదు. 2017 నాటి జీఎస్టీ మినహాయింపుల్లో జానపద, శాస్త్రీయ కళారూపాల కళాకారుడి పారితోషికం ఒక ప్రదర్శనకు లక్షన్నర రూపాయలు మించకపోతే పన్ను లేదు. నాటకానికి, సంగీత కార్యక్రమానికి ప్రవేశ రుసుము మనిషికి 500 రూపాయలలోపు ఉంటే దాని మీదా పన్ను లేదు. కేంద్ర ప్రభుత్వానికి కనిపించిన తేడా మన అద్దె పట్టికకు కనిపించకపోవడం మాకు ఆశ్చర్యం.

అన్నిటికంటే ముఖ్యమైనది రాజ్యాంగం. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పేర్కొంటుంది. అందులో 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం. వీధి దీపాలు, మురికివాడల అభివృద్ధి ఉన్న జాబితాలోనే అదీ ఉంది. కళాక్షేత్రాన్ని నడపడం దయతో చేసే పని కాదని చెప్పడానికే ఇది గుర్తుచేస్తున్నాం.

దీనివల్ల ఎవరికేం నష్టమని మీరు అడగవచ్చు. ఒక నాటక సమాజానికి ఒక రాత్రి పోతే కొంపలేమీ మునగవు. కానీ ఇది ఒక్క రాత్రి సంగతి కాదు, ఒక్క సమాజం సంగతి కాదు. మా కళ్ళముందున్న వాళ్ళ గురించి చెబుతాం.

1. ముందుగా పాటలు తెలిసినవాళ్ళు. మా బృందంలో నాట్ల పాటలు పాడే స్త్రీలలో పెద్దావిడకు డెబ్భై దాటాయి. ఆవిడ పాట అందుకుంటే వరుసలో మిగతావాళ్ళు పల్లవి ఎత్తుకుంటారు. నారు ముడి విప్పడం, వంగడం, నాటడం, ఒక అడుగు వెనక్కి వేయడం, అంతా పాట లయలోనే. నడుము నొప్పి మరపించడానికి పుట్టిన పాట అది. ఇప్పుడు డెల్టాలో చాలాచోట్ల నాట్లు వేయడానికి బెంగాల్, బీహార్ వైపు నుంచి కూలీల ముఠాలు వస్తున్నాయి, కొన్నిచోట్ల యంత్రాలు నాటుతున్నాయి, మరికొన్నిచోట్ల అసలు నాట్లే లేకుండా విత్తనాలు వెదజల్లుతున్నారు. వచ్చిన కూలీలను మేము తప్పుపట్టం, పొట్టకూటి కోసం వచ్చారు, వాళ్ళకూ వాళ్ళ పాటలు ఉంటాయి. ఖర్చు తగ్గించుకునే రైతునూ తప్పుపట్టం. అయితే ఈ పాటకు పొలంలో పని పోయింది. ఇక మిగిలిన చోటు వేదిక ఒక్కటే. నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటివారు ఇలాంటి పాటలను సేకరించి అచ్చుకెక్కించారు కాబట్టి మాటలు దొరుకుతాయి. ఏ మాట దగ్గర గొంతు సాగదీయాలో, పల్లవిని ఎక్కడ తుంచి అందుకోవాలో పెద్దావిడ పక్కన నిలబడి పాడితేనే వస్తుంది. మా ఆశా కార్యకర్త అలాగే నేర్చుకుంటున్నారు. ప్రదర్శన ఉంటే రిహార్సల్ ఉంటుంది, రిహార్సల్ ఉంటే ఆ ఇద్దరూ కలుస్తారు. ప్రదర్శన లేని ఈ ఏడాదిలో వాళ్ళు కలవలేదు. పెద్దావిడ కూతురు వాళ్ళ ఊరు వెళ్ళిపోయారని ఈమధ్యే తెలిసింది.

2. డప్పు కళాకారులు. వీరికి చావు మేళాలు, జాతరలు, ఎన్నికల ఊరేగింపులు తప్ప వేరే పిలుపులు తక్కువ. కుర్చీలు వేసి, లైట్లు వేసి, పేరు చదివి వేదిక మీదకు పిలిచే సందర్భాలు అంతకంటే తక్కువ. మాతో చేసిన ప్రదర్శన చూసి తమను పాఠశాల వార్షికోత్సవాలకు, బ్యాంకు సమావేశాలకు పిలుస్తున్నారని వాళ్ళే చెప్పారు. ఒక వేదిక పోతే దాని వెంట వచ్చే నాలుగు పిలుపులూ పోతాయి. ఇంకో చిన్న సంగతి. డప్పును వాయించే ముందు మంట దగ్గర వేడి చేయాలి. తోలు బిగిస్తేనే మోత. చలికాలం మంచుకు మరీ త్వరగా జారిపోతుంది. కళాక్షేత్రం ఆవరణలో గడ్డి మంట వేయవద్దంటారు, ఆ భయంలో న్యాయముంది. అయితే అదే ఆవరణలో పెళ్ళి వంటలకు గాడిపొయ్యి తవ్వుతారు, పెళ్ళికొడుకు దిగగానే బాణసంచా కాలుస్తారు. డప్పుల వాళ్ళను మాత్రం రోడ్డు అవతలికి పంపుతారు. ఇది అగ్ని భద్రత ఒక్కదానికే సంబంధించిన విషయమని మమ్మల్ని నమ్మమంటే కష్టం.

3. స్త్రీలు. మైదానంలో దుస్తులు మార్చుకోవడానికి మేము కట్టగలిగింది టార్పాలిన్ చాటు. మరుగుదొడ్డికి తాళం, తాళంచెవి ఉన్న మనిషి ఊళ్ళో లేరు. ఆ తర్వాతి ప్రదర్శనకు రాలేమని ఇద్దరు చెప్పేశారు. వాళ్ళను ఒప్పించే ముఖం మాకు లేదు. వృత్తికి న్యాయవాది అయిన రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ, స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి దాదాపు వందేళ్ళు కావస్తోంది. ఇప్పుడు స్త్రీలు ముందుకు వస్తున్నారు, గది లేదు. కళాక్షేత్రంలో వేదిక వెనక రెండు మేకప్ గదులుండేవి. ఒకటి పెళ్ళికూతురి ఏసీ గదిగా మారింది, రెండోది కుర్చీల గోదాము.

4. మైకు, లైట్ల వాళ్ళు, మేకప్ కళాకారుడు, హార్మోనిస్టు. వీరికి నాటకాలు పోయాక డీజే బాక్సులవాళ్ళ దగ్గర దినకూలీగా చేరడం తప్ప దారి లేదు, కొందరు చేరారు.

5. ప్రేక్షకులు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు పది దాటాక బస్సు ఉండదని ముందే ఆటోలు మాట్లాడుకుని వచ్చారు. వయసు మళ్ళినవాళ్ళు మంచులో, నేల మీద పరిచిన పట్టాల మీద కూర్చున్నారు. వీరిలో చాలామంది వెయ్యి రూపాయల టిక్కెట్టు కొని నగరంలో సంగీత విభావరి చూసేవాళ్ళు కారు. కళాక్షేత్రం కుర్చీలు వీళ్ళ పెద్దల చందాలతో వేసినవి.

6. పిల్లలు. వాళ్ళ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒగ్గుడోలును ఫోనులో చూసిన పిల్లలు ఎదురుగా చూద్దామని ముందు వరుసలో కూర్చుని, చూడకుండానే ఇంటికి వెళ్ళారు.

ప్రభుత్వాలు కళను గౌరవించడం లేదని మేము అనం. బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో వచ్చింది. మాకెంతో గర్వం. తర్వాత రెండేళ్ళకే మొగిలయ్య కూలి పనికి వెళ్తున్నారన్న వార్త కూడా చదివాం. పతకం ఢిల్లీలో ఇస్తారు, కళాకారుడు బతకవలసింది మన ఊళ్ళ వేదికల మీద. ఆ వేదికల తాళాలు మీ చేతుల్లో ఉన్నాయి.

తెలుగు నాటకం ప్రభుత్వ నిధులతో మొదలుకాలేదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1880లో నాటకం వేయించింది తన విద్యార్థుల చేత. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటక సమాజం కుటుంబాల మీద నిలబడింది. 1929లో తెనాలిలో నాటక కళా పరిషత్తు ఏర్పాటు చేసినవాళ్ళూ నాటకం మీది ఇష్టంతో కూడినవాళ్ళే. వాళ్ళ కోవలోనే మేమూ మీ దగ్గర గ్రాంటు అడగడం లేదు. న్యాయమైన అద్దె కడతాం, రసీదు తీసుకుంటాం.

మా కోరికలు ఇవి.

1. కళాక్షేత్రం లీజు ఒప్పందాన్ని, గత మూడేళ్ళ అద్దె రిజిస్టరును పురపాలక కార్యాలయం నోటీసు బోర్డులో పెట్టాలి. నాటక, సంగీత, సాహిత్య కార్యక్రమాలకు ఏడాదిలో ఎన్ని రోజులు ఇచ్చారో ప్రజలు తామే లెక్కపెట్టుకుంటారు.

2. అద్దె పట్టికలో మూడో గడి చేర్చాలి. ప్రవేశం ఉచితమైన, లేదా టిక్కెట్టు 500 రూపాయలకు మించని ప్రదర్శనలకు విద్యుత్తు, శుభ్రత, సిబ్బంది జీతం మేరకే రుసుము ఉండాలి. గుత్తేదారుకు నష్టమనుకుంటే ఆ మేరకు లీజు మొత్తంలో సర్దుబాటు చేయవచ్చు. లీజుకు ఇచ్చింది నిర్వహణే గాని, ఫలకం మీది మాట కాదు.

3. నెలకు కనీసం మూడు సాయంత్రాలు కళా ప్రదర్శనలకు కేటాయించాలి, ముహూర్తాలున్న నెలల్లో కూడా. ఒకసారి ఇచ్చిన తేదీని పెళ్ళి కోసం రద్దు చేయకూడదు. ఇది మాకు ఒక్కరికే కాదు, భజన సమాజాలకు, నాట్య పాఠశాలలకు, కవి సమ్మేళనాలు పెట్టేవాళ్ళకు అందరికీ.

4. రెండు మేకప్ గదులనూ తిరిగి కళాకారులకు అప్పగించాలి. స్త్రీలకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలి. వేదిక మీద శాశ్వతంగా బిగించిన ప్లాస్టర్ సింహాసనాలను, పూల తోరణాన్ని తొలగించాలి. వాటి ముందు నిలబడి వల లాగితే నవ్వులాటగా ఉంటుంది. ముందు తెర, పక్క తెరలు మళ్ళీ కట్టాలి. తెరల ఖర్చులో సగం మేము చందాగా ఇస్తాం.

5. ఆవరణ వెనక ఇసుక పోసి, నీళ్ళ తొట్టె పెట్టి, డప్పులు వేడి చేసుకోవడానికి కాస్త జాగా చూపించాలి.

6. పోలీసు అధికారులకు మనవి: మూసిన హాళ్ళలో జరిగే ప్రదర్శనలకు 5వ నియమంలోని మినహాయింపు గురించి స్టేషన్లకు రాతపూర్వకంగా తెలపండి. ఏడాదిలో అనుమతించదగిన 15 రోజుల్లో జానపద కళలకు కొన్ని రోజులు దక్కేలా ప్రభుత్వానికి సిఫారసు చేయండి.

7. ఔత్సాహిక సంఘాలు ఉచితంగా ఇచ్చే ప్రదర్శనలకు హక్కుల లైసెన్సు అడగడం మానాలి. సంఘం ఇచ్చే స్వీయ ప్రకటన చాలు. పాటల పట్టికలోని రచయిత గడిలో "సంప్రదాయ గేయం" అని రాస్తే స్వీకరించాలి.

8. జిల్లా సాంస్కృతిక అధికారులు ఒకసారి స్వయంగా వచ్చి ఆ భవనాన్ని చూడాలి. పెళ్ళి లేని రోజున రండి, వేదిక కనిపిస్తుంది.

వీటిలో 2, 6, 7 అంశాలకు ఖజానా నుంచి పెద్దగా ఖర్చు లేదు. ఒక తీర్మానం, రెండు సర్క్యులర్లు సరిపోతాయి. మిగిలినవాటికి సమయం పడుతుందంటే చర్చకు సిద్ధంగా ఉన్నాం. గుత్తేదారుతో కూడా ఒకే బల్ల చుట్టూ కూర్చోవడానికి మాకు అభ్యంతరం లేదు. ఆయన పెట్టుబడి పెట్టారు, ఆయన లెక్కలు ఆయనకు ఉంటాయి. ఆ లెక్కలు మాకూ చూపించమనే అడుగుతున్నాం.

వీరేశలింగం జయంతి అయిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నాం. ఆ రోజు సాయంత్రం ఆరున్నరకు అదే జానపద గేయ ప్రదర్శనను కళాక్షేత్రంలో మొదటి నుంచి చివరి దాకా ఇవ్వాలని నిర్ణయించాం. హాలు కోసం కొత్త దరఖాస్తు, పాటల పట్టిక, స్వీయ ప్రకటన ఈ లేఖతో జతచేశాం. ఈ విషయాన్ని వచ్చే కౌన్సిల్ సమావేశం అజెండాలో చేర్చమని కోరుతున్నాం. సమావేశానికి మా సభ్యులు కొందరు వచ్చి వెనక వరుసలో కూర్చుంటారు, డప్పులు తీసుకురారు.

రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఒగ్గుడోలు బృందానికి టిక్కెట్లు తీయాలంటే ఫిబ్రవరి 15 లోగా హాలు ఖాయం కావాలి. అద్దె ఎంతో ఆ లోపల రాతపూర్వకంగా తెలిపితే, మరునాడే డబ్బు కట్టి రసీదు తీసుకుంటాం.

ఇట్లు,
నాటక సమాజం సభ్యుల తరఫున,
కార్యదర్శి